షెడ్డు ముందు బెంచీ

మా మేడ్చల్ వైపు కొత్త మనిషి పరిచయమైతే ఏ ఊరని అడిగిన వెంటనే ఏం బండని అడుగుతారు. జీతం సంగతి, పిల్లల చదువుల సంగతి ఆ తర్వాతే. బుల్లెట్ అని చెబితే మైలేజీ ఎంతిస్తుందని ఆరా తీస్తారు. స్ప్లెండర్ అంటే పాలక్యాన్లు ఎక్కడ దించి వచ్చావంటారు. ఆరెక్స్ హండ్రెడ్ అంటే పొగ గురించి మొదలుపెడతారు. పల్సర్ అంటే నాలుగేళ్ల తర్వాత దాని ఇంజను ఎట్లా మోగుతుందో నోటితోనే చేసి చూపిస్తారు. ఎవరిని ఎక్కడ గిల్లాలో అందరికీ తెలుసు. గిల్లించుకున్నవాడూ ఊరుకోడు.

ఈ ఎకసెక్కాలంటే నాకు ప్రాణం. వీటిలో నాకు బావాబామ్మర్దుల సరసమే వినిపిస్తుంది. అన్నను అనలేని మాట మన ఇళ్లలో బావను నిక్షేపంగా అనొచ్చు. చుట్టరికం గట్టిది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. దారినపోయేవాణ్ణి అదే మాట అంటే కాలరు పట్టుకుంటాడు. అందుకే బ్రాండు అభిమానం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ముందు ఆ వాదించుకునే ఇద్దరూ ఎక్కడ కూర్చున్నారో చెప్పమంటాను.

సికింద్రాబాద్ దాటాక ఉత్తరానికి రెండు రోడ్లు పోతాయి. సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ దాటి నాగపూర్ పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు అది ఇప్పటికీ సెవెన్ నంబర్ హైవేనే. అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చెరువును దాటి కరీంనగర్ పోయేది రాజీవ్ రహదారి. ఈ రెండో రోడ్డు కంటోన్మెంటును ఒరుసుకుంటూ వెళ్తుంది. అల్వాల్, బొల్లారం, సైనిక్‌పురి వైపు రిటైరైన ఫౌజీల ఇళ్లు ఎక్కువ. మా చిన్నతనంలో బుల్లెట్ అంటే ఫౌజీ బండి, లేదా పోలీసు బండి. అసలు ఆ బండి ఈ దేశంలో వేళ్లూనుకున్నదే సైన్యం వల్ల. గస్తీకి పనికొస్తుందని 1950ల్లో ప్రభుత్వం ఇంగ్లండు నుంచి తెప్పించింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1970 వచ్చేసరికి ఇంగ్లండులోని అసలు కంపెనీ మూతపడింది, మద్రాసు బండి మాత్రం బతికింది.

పాత కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక విద్య. తాళం తిప్పగానే హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటరు ముల్లు ఒక పక్కకు వాలుతుంది. కిక్కు రాడ్డును పాదంతో మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట మొండికేస్తుంది. అప్పుడు ఎడమ హ్యాండిల్ కింద ఉన్న చిన్న మీటను పట్టి, ముల్లు నడిమికి వచ్చేదాకా ఇంకాస్త నొక్కాలి. మీట వదిలి, రాడ్డును పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాలి. లెక్క తప్పిందో, రాడ్డు ఎదురుతన్ని పిక్క వాచిపోతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 2010 ప్రాంతానికి కంపెనీ ఆ ఇంజను ఆపేసి గేరును ఎడమకాలికి మార్చినప్పుడు, ఇది బుల్లెట్టే కాదు పొమ్మని అలిగిన పెద్దవాళ్లను నేను ఎరుగుదును. వాళ్లది చాదస్తమని అనలేను. కాలు నేర్చిన విద్యను కంపెనీ ఒక్క మాటతో పనికిరానిది చేసింది మరి.

మేడ్చల్ రోడ్డు సంగతి వేరు. ద్రాక్షతోటల నుంచి, కూరగాయల మళ్ల నుంచి, పాడి ఇళ్ల నుంచి పట్నానికి సరుకు పోయిన దారి అది. అక్కడ బండి ముందు మోయాలి, తర్వాతే ఉరకాలి. రాజ్‌దూత్‌కు రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని తెల్లారకముందే పోయేవాళ్లు. ఆ తర్వాత 1985 వచ్చింది. హీరో హోండా సీడీ హండ్రెడ్, యమహా ఆరెక్స్ హండ్రెడ్ రెండూ ఆ ఏడాదే మార్కెట్లోకి దిగాయి.

వాటి వెనక జపానులో ఒక యుద్ధం నడిచిందని మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 1980ల మొదట్లో యమహా కొత్త ఫ్యాక్టరీ కట్టి, మోటారు సైకిళ్లలో ప్రపంచంలో మొదటి స్థానం ఇక తమదేనని బహిరంగంగా ప్రకటించింది. హోండా పంతం పట్టింది. ఏడాదిన్నరలో కొత్తవి దించడమో, ఉన్నవాటిని మార్చడమో చేసి 113 మోడళ్లు బయటికి తెచ్చింది. 1983 నాటికి యమహా గోదాముల్లో అమ్ముడుపోని బండ్లు పేరుకుపోయాయి. ఆ కంపెనీ అధ్యక్షుడు ఓటమి ఒప్పుకుని పదవి దిగాల్సి వచ్చింది. ఆ పోరు ముగిసిన కొద్ది కాలానికే హోండా హీరోతో, యమహా ఎస్కార్ట్స్‌తో చెయ్యి కలిపి మన గడపలోకి వచ్చాయి. వాళ్ల తగువు అక్కడ తీరింది, మన వాకిట్లో కొత్తగా మొదలైంది.

ఒకే ఇంట్లో అన్న సీడీ హండ్రెడ్ కొంటే తమ్ముడు ఆరెక్స్ కొనేవాడు. పెట్రోలు పోసి, మూత పెట్టి, ఇక మరిచిపొమ్మని అన్న బండికి ప్రకటన. తమ్ముడి బండిని మరిచిపోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువేమో వంద కిలోలకు అటూ ఇటూ. క్లచ్చి కొంచెం తొందరగా వదిలితే ముందు చక్రం గాల్లోకి లేచేది. టూటీ ఆయిలు కాలిన వాసన వీధి మలుపు దాకా వచ్చేది. 1996లో అది ఆగిపోయింది. ఇప్పుడు మంచి కండిషన్లో ఉన్నది దొరికితే అప్పటి ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కుపోతున్నారు. ఈ గొడవల్లో తలదూర్చనిది యెజ్డీ వాళ్లే. వాళ్ల బండికి కిక్కు రాడ్డే గేరు రాడ్డు, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. మైసూరు ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. అయినా ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ రోజని బండ్లు కడిగి, తుడిచి, వరసగా బయటికి తీస్తారు.

వీళ్లందరూ కలిసేది మెకానిక్ ఉస్తాద్ షెడ్డు దగ్గర. మేడ్చల్లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు ఒక పొడుగాటి చెక్క బెంచీ. బోరు కొట్టించాలంటే సిలిండరు విప్పి సికింద్రాబాద్‌లో లేతు దగ్గరికి పంపాలి. అది తిరిగొచ్చేదాకా బండి షెడ్డులో, మనిషి బెంచీ మీద. పక్కన ఎవడు కూర్చోవాలో మనం ఎంచుకునే వీలు లేదు.

ఆరెక్స్ కుర్రవాణ్ణి చూసి ఫౌజీ కాకా మొదలుపెట్టేవాడు. "ఏం తమ్మీ, పెట్రోలు నీకా, దోమలకు పొగ వెయ్యనీకా?"

"నీ బుల్లెట్ నిలబెట్టిన జాగల్ల ఆయిల్ మరకలు చూస్కుంట పోతే నీ ఇల్లు దొరుకుతది కాకా. ఎవర్నీ అడ్రస్ అడగనక్కర్లే."

స్ప్లెండర్ ఆయన నవ్వేవాడు. ఆయనకు షెడ్డులో పనేమీ ఉండేది కాదు, చాయ్ కోసం వచ్చేవాడు. "మీ బండ్లు ఈడ పండుకుంటయి. నా బండి నన్ను ఇంటికాడ పండబెడ్తది" అనేవాడు. దానికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు. అందుకని ఇద్దరూ కలిసి ఆయన మీద పడేవాళ్లు.

మాట ముదిరేలోపు లోపలి నుంచి ఉస్తాద్ కేక వేసేవాడు. "ముచ్చట్లు చాలుగానీ ఇద్దరూ ఇట్లొచ్చి ఇంజన్ పట్టుండ్రి!" బుల్లెట్ ఇంజను దించడం ఒక్కడి వల్ల కాదు. ఇంతసేపూ దాన్ని ఇనుప ముద్ద అన్నవాడే కింద చెయ్యి వేసి, రొమ్ముకు ఆనించుకుని దించేవాడు. కవరు విప్పాక లోపల వరసగా ఒకదాన్నొకటి కరుచుకున్న టైమింగు పళ్లచక్రాలు చూసి కాసేపు మాట్లాడేవాడు కాదు. ఇంకో రోజు ఆరెక్స్ సైలెన్సరు లోపలి గొట్టం లాగి, పేరుకున్న నల్లటి మడ్డిని మంట మీద కాలుస్తుంటే ఫౌజీ కాకా వంగి చూసేవాడు. అంత చిన్న ఇంజను అంత బలం ఎట్లా ఇస్తుందని ఉస్తాద్‌ను అడిగి చెప్పించుకునేవాడు. పిస్టను మీద గీతలు వేలితో తడిమి చూసినవాడు ఆ బండిని మళ్లీ పూర్తిగా తీసిపారెయ్యలేడు. ఎకసెక్కం ఆగదు, కానీ అందులో తెలిసినతనం వచ్చి చేరుతుంది. ప్రత్యర్థి బండి గురించి ఆ షెడ్డులో తెలుసుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ తెలుసుకోలేదు.

ఆ బెంచీ ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాయి, కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపుగా పోయింది. లోపమేమిటో చెవి పెట్టి వినడం కాదు, స్కానరు తగిలించి చూడాలి. వారంటీ ఉన్నన్నాళ్లు బయట విప్పించకూడదు. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా ఏ బ్రాండుకు ఆ బ్రాండు షోరూము వచ్చింది. చల్లటి గది, మెత్తటి సోఫా. అద్దం అవతల బండి, ఇవతల మనిషి. పక్క సోఫాలో ఉన్నవాడిదీ అదే బ్రాండు. ఆయనను ఏమని గిల్లాలి? పొగ తగ్గింది, గాలికి మంచిది. ఆ మార్పును నేను కాదనను. పోయిందల్లా వేరే బండివాడి పక్కన కూర్చునే అవకాశం.

ఆదివారం తెల్లవారుజామున శామీర్‌పేట చెరువు దగ్గర నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. బుల్లెట్లు ఒక గుంపుగా వస్తాయి. కేటీఎంలు ఇంకో గుంపు, కొత్త జావాలు మరో గుంపు. ఒక్కో గుంపుకు ఒక్కో టీషర్టు, ఒక్కో జెండా, టిఫినుకు ఒక్కో ధాబా. వీళ్ల క్రమశిక్షణ నాకు నచ్చుతుంది. ముందు దారి చూపేవాడు, చివర అందరినీ కాచుకుని వచ్చేవాడు, నెత్తిన హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు. మా తరానికి ఇవేవీ తెలియవు. కానీ బుల్లెట్ వాళ్లు బుల్లెట్ వాళ్లకే బుల్లెట్ గొప్పతనం చెప్పుకుంటున్నారు. వినేవాడు ముందే ఒప్పుకున్నాక ఆ మాటకు పదునెక్కడిది?

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. హైదరాబాద్ నుంచి జై భారతి మరో ముగ్గురితో 2018లో మోటారు సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాల దాకా వెళ్లి, దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చింది. అయినా మా ధాబాల దగ్గర హెల్మెట్ తీసింది ఆడమనిషైతే ఏం బండని అడగరు. ఎవరి బండని అడుగుతారు. ఆమెను కూడా మైలేజీ గురించి గిల్లిన రోజున ఆమెను తమలో కలుపుకున్నట్టు.

చుట్టరికం తెగినచోట పోటీ ఏమవుతుందో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన చూశాను. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మనకు సర్వీసు రోడ్డే గతి. కండ్లకోయకూ శామీర్‌పేటకూ మధ్య, ఒకరి పేరు ఒకరికి తెలియని ఇద్దరు కుర్రవాళ్లు పక్కపక్కన వచ్చి, ఎదుటి ట్యాంకు మీది పేరు చూసి, ఒక్కసారిగా యాక్సిలరేటరు తిప్పారు. ముందు మలుపు, రాంగ్ సైడులో ఇసుక టిప్పరు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరిలో ఒక్కడికైనా రెండోవాడి అమ్మ ఎవరో తెలిసి ఉంటే అంత దూరం తిప్పేవాడు కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. సైలెన్సర్లు మార్చి శామీర్‌పేట జింకల పార్కు పక్కన చెవులు పగిలేలా మోగించుకుంటూ పోయేవాళ్లదీ ఇదే జబ్బు. అట్లాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించారని పేపర్లో చదివినప్పుడు నాకు జాలి కలగలేదు. బండి చప్పుడు మీద ప్రేమ ఉన్నవాడు దాన్ని పాడు చెయ్యడు.

కంపెనీల కోసమైతే ఈ పంతాలు అక్కర్లేదు. హీరో, హోండా 2010 చివర్లో విడిపోయాయి. 2023లో వచ్చిన హార్లీ ఎక్స్ 440 తయారయ్యేది హీరో దగ్గర. ట్రయంఫ్ స్పీడ్ 400 తయారయ్యేది బజాజ్ దగ్గర. మైసూరులో ఆగిన జావా 2018లో మళ్లీ వచ్చింది, ఈసారి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ నుంచి. పేర్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఫౌజీ కాకా మాత్రం తన ట్యాంకును తానే తుడుచుకుంటాడు, ఎవరినీ తుడవనివ్వడు.

ఉస్తాద్ అల్లుడు కొన్నేళ్లు ఒక సర్వీసు సెంటర్లో పనిచేసి, స్కానరు కొనుక్కుని, శామీర్‌పేట రోడ్డు మీద సొంతంగా షెడ్డు పెట్టాడు. "ఇచ్చట అన్ని రకముల టూ వీలర్లు రిపేరు చేయబడును" అని బోర్డు రాయించాడు. వారంటీ తీరిన బండ్లన్నీ మెల్లగా అటు వస్తున్నాయి. పంక్చర్ కోసం కరెంటు స్కూటర్లు కూడా వస్తాయి. ఆ స్కూటర్ల పిల్లలు ఒక్క చార్జింగుకు బండి ఎంత దూరం పోతుందో చెబుతుంటే, పల్సర్ కుర్రవాడు దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగనా అని అడుగుతున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ అక్కడున్నవి ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరిది వాళ్లు లాక్కుని చెట్టు నీడకు పోతున్నారు.

బెంచీ వెయ్యమన్నాను. "జాగ ఎక్కడుంది సార్, బండ్లు పెట్టనీకే సాల్తలేదు" అన్నాడు. నేనే చేయించి పంపుతానంటే సరేనన్నాడు. తూంకుంటలో వడ్రంగికి చెప్పి వచ్చాను. ఐదడుగులు చాలు, ముగ్గురు సుఖంగా కూర్చుంటారంటాడు ఆయన. ఐదడుగులే చెయ్యి, కాకపోతే నలుగురు ఇరుక్కుని కూర్చున్నా విరగనంత మందం చెక్క వెయ్యమన్నాను.