ఆ రిపోర్టు రాసినాయన

డెప్లాయ్‌మెంట్ రాత్రి బిల్డ్ అయ్యేలోపు జర్మన్ 295వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ గురించి చదువుతూ కూర్చున్నా. ఇంజినీరింగ్ రోజుల నుంచీ నాకు ఈ యుద్ధాల పిచ్చి. మ్యాపులు, బాణం గుర్తులు, అంతా గేమ్‌లా ఉండేది.

1941 ఆగస్టు, ఉక్రెయిన్‌లోని బీలా త్సెర్క్వా. తల్లిదండ్రుల్ని కాల్చేసి, 90 మంది దాకా యూదు పిల్లల్ని ఓ ఇంట్లో పడేశారు. తిండీ నీళ్లూ సరిగా లేవు. ఏడుపులు వినలేక సైనికులే ఆర్మీ పాస్టర్లకు చెప్పారు. అలా విషయం డివిజన్ స్టాఫ్ ఆఫీసర్ హెల్ముత్ గ్రోస్కుర్ట్ దాకా వెళ్లింది. ఆయన చంపడం ఆపించి, పైవాళ్లకు చెప్పాడు. మా ఆఫీసు భాషలో ఎస్కలేట్ చేశాడు. 6వ ఆర్మీ కమాండర్ రైషెనౌ మాత్రం మొదలుపెట్టింది పూర్తి చేయమన్నాడు. పిల్లల్ని చంపేశారు.

ఇంతవరకూ గ్రోస్కుర్ట్ నాకు హీరోనే. నాజీలంటే గిట్టనివాడు కూడా. తర్వాత ఆయన రిపోర్టు చూశా. ఇంత యాతన పెట్టకుండా పిల్లల్నీ అప్పుడే చంపేయాల్సిందని రాశాడు! మళ్లీ మళ్లీ చదివా. అదే ఉంది.

స్టాలిన్‌గ్రాడ్‌లో ఆ డివిజన్ తుడిచిపెట్టుకుపోయింది. ఖైదీగా చిక్కిన గ్రోస్కుర్ట్ 1943 ఏప్రిల్‌లో టైఫస్‌తో పోయాడు.

బిల్డ్ ఎప్పుడో అయిపోయింది. చాట్‌లో 'ఉన్నావా బ్రో' అని మూడు మెసేజ్‌లు.