రిజిస్ట్రేషన్ అయింది కదా సార్?

వారానికి రెండు సాయంత్రాలు హైదరాబాద్‌లో ఓ యూనివర్సిటీలో భూవినియోగ చట్టాలు చెబుతాను. మిగతా రోజులు కోర్టు పనే. క్లాసులో ముందు సెక్షన్లు చెప్పను. హెచ్‌ఎండీఏ సైట్‌లో చెరువుల మ్యాపులు తెరిపించి, తెలిసిన స్థలం వెతకమంటాను.

ఈసారి ఓ అమ్మాయి ఫోన్ చూస్తూ ఉండిపోయింది. నాన్న చిట్టీ డబ్బులతో కొన్న ప్లాటు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దులో ఉంది. "రిజిస్ట్రేషన్ అయింది కదా సార్?" అంది.

రిజిస్ట్రేషన్ చెప్పేది ఎవరు ఎవరికి అమ్మారన్నదే. ఇల్లు కట్టొచ్చో లేదో తేల్చేది వేరే రూల్స్. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్‌లో కట్టకూడదు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు వదలాలి.

"నాన్నకి ఎలా చెప్పను సార్?" అంది. కాగితాలతో ఆయన్నీ తీసుకురమ్మన్నాను.

మీ ఇంట్లో ప్లాటు మాటొస్తే, అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ మ్యాపు చూడండి.