డాలస్‌లో నక్షత్ర తాబేలు

నక్షత్ర తాబేలు మన నేల జీవి. మెట్ట ప్రాంతాల గడ్డి, ముళ్లపొదల మధ్య బతుకుతుంది. వానాకాలంలో ఎక్కువ చురుగ్గా తిరుగుతుంది. అయినా హైదరాబాద్ మలక్‌పేటలో ఒకదాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ దీన్ని మొదటి షెడ్యూలులోకి చేర్చింది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. అదే మలక్‌పేట నుంచి డాలస్ వెళ్లిన కుటుంబం మాత్రం అక్కడి పెంపకంలో పుట్టిన తాబేలును కొనుక్కోవచ్చు.

మేతలో సింహభాగం గడ్డిదే. గరిక, మందార ఆకులు, పువ్వులు, ముళ్లు తీసిన నాగజెముడు మంచివి. తెలుగింటి ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే పాలకూర, తోటకూర, గోంగూర మాత్రం రోజూ పెట్టకూడదు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటపట్టనివ్వవు. గోంగూర విషయంలో ఇది కాస్త అన్యాయంగానే తోస్తుంది. అన్నం, పాలు, కుక్కల మేత అసలు వద్దు. పండ్లు ఎప్పుడైనా ఓ ముక్క చాలు.

పెంకు గుబ్బలు గుబ్బలుగా లేస్తే తప్పంతా మాంసకృత్తులదేనని చాలాకాలం అనుకున్నారు. 2003లో వియన్నా పరిశోధకులు ఆఫ్రికా సుల్కాటా తాబేలు పిల్లలను పరిశీలించి, గాలిలో తేమ తక్కువ కావడమే పెద్ద కారణమని చూపారు. నక్షత్ర తాబేలు పెంకు సహజంగానే కొంత ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి కంటికి తేడా ఆలస్యంగా తెలుస్తుంది. హీటరు నడిచే చలికాలపు ఇల్లు మరీ పొడిబారుతుంది. పిల్లలను తరచూ గోరువెచ్చని, లోతు లేని నీటిలో పావుగంట నిలబెట్టాలి. లోతైన నీటిలో ఇవి మునిగిపోతాయి.

ఎండ తగలని ఇంట్లో యూవీబీ దీపం తప్పనిసరి. అది లేకపోతే శరీరంలో డి3 విటమిన్ తయారవదు, ఎముకలు మెత్తబడతాయి. దీపం కింద 32 నుంచి 35 డిగ్రీల వేడి, మరో మూల చల్లని నీడ ఉండాలి. శీతాకాల నిద్ర దీనికి అలవాటు లేదు, బలవంతంగా పడుకోబెట్టకూడదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతోనే అమెరికా 1975లో 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపుడు జీవాలుగా అమ్మడాన్ని నిషేధించింది.

తిరిగి హైదరాబాద్ వచ్చేసే కుటుంబం తాబేలును వెంట తేవడం దాదాపు అసాధ్యం. 2019 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది, వాణిజ్యం కోసం దేశాలు దాటించడం నిషిద్ధం. సొంత జంతువుకైనా అనుమతులు కావాలి. అక్కడే నమ్మకస్తులకు అప్పగించి రావడం మేలు.