గరగర లేదు కదా?

పాలకాయతిప్పలో గిటార్ తీగకి ఆయుష్షు మూడు రోజులే. హైదరాబాద్‌లో నెలా నెలన్నర మన్నే తీగలు ఇక్కడ రెండో రోజుకే వేలికి గరుగ్గా తగిలాయి. మూడో రోజు చూస్తే సన్న తీగల మీద తుప్పు చుక్కలు. "ఈ గాలికి సైకిల్ చైన్లే ఆగవు, నీ తీగలెంత?" అంది అత్తయ్య, అదేదో ఊరి గొప్ప చెప్పుకుంటున్నట్టు.

దివిసీమకి ఎలక్ట్రిక్ గిటార్ మోసుకెళ్లడమేంటని మీకు అనిపించొచ్చు. రైల్లో గుడివాడ దిగి, బస్సులో పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేలోపు కనీసం నలుగురు అడిగారు, ఆ సంచిలో ఏముందని. ఒకాయనైతే వలేమో అనుకున్నాడు. నేను వెళ్లింది సముద్రం కోసం కాదు. మా పెద్ద మావయ్య అటక మీదున్న పాత మైక్‌సెట్ ఆంప్లిఫయర్ కోసం. కోడూరు దాటాక పాలకాయతిప్ప వైపు వెళ్లే దారిలోనే మావయ్య ఇల్లు. ఒకసారి వీడియో కాల్‌లో అమ్మకి అటక చూపిస్తుంటే వెనకాల దాని తుప్పు పట్టిన డబ్బా కనిపించింది. మూతకున్న జాలీలోంచి గాజు వాల్వులు మెరిశాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే గిటార్ పిచ్చోళ్లకి "టోన్" అనే జబ్బు ఒకటుంటుంది. టోన్ అంటే గొంతు. ఒకే చరణం ఇద్దరు పాడితే స్వరాలు అవే అయినా ఎవరు పాడారో ఇట్టే పోల్చుకుంటాం కదా, అలాంటిది. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ గొంతు చెక్కలో కొంచెమే ఉంటుంది. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు. అదే పికప్. స్టీలు తీగ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఆంప్లిఫయర్‌లోకి వెళ్లి, వాల్వుల్లో ఉడికి, స్పీకర్‌లోంచి బయటికొస్తుంది. ఈ దారిలో ఎక్కడ ఏం మారినా గొంతు మారిపోతుంది. అందుకే 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ చేసిన సన్‌బర్స్ట్ లెస్‌పాల్ గిటార్లు ఇప్పుడు కోట్లు పలుకుతున్నాయి. తమాషా ఏంటంటే, వాటిని అప్పట్లో జనం పెద్దగా కొనలేదు. కంపెనీ ఆ మోడలే ఆపేసింది.

నాకు కోట్లు లేవు. ఈఎంఐలో కొన్న డిజిటల్ బాక్స్ ఒకటుంది. అందులో ప్రపంచంలోని పాత ఆంప్లిఫయర్లన్నిటి నకళ్లూ సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్నాయి. అలాంటి కోడ్ ఎలా రాస్తారో నాకు కొంత తెలుసు, అందుకే దాన్ని పూర్తిగా నమ్మలేను.

మొదటి రోజు మధ్యాహ్నం బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్, ఒక ఫజ్ పెడల్ పట్టుకుని బీచ్‌కి వెళ్లాను. తిప్ప అంటే ఇసక మేట. పేరుకి తగ్గట్టే మడ అడవుల మధ్య రోడ్డు సన్నగా సాగి సాగి, ఒక్కసారిగా ఇసకా సముద్రం తప్ప ఇంకేం లేకుండా పోతుంది. హంసలదీవి పక్కనే. అక్కడే కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. కాకి ఆ నీళ్లలో మునిగి హంస అయిందని కథ. నా పెడల్‌కి మాత్రం రివర్స్‌లో జరిగింది. 1966 నాటి ఫజ్‌ఫేస్ పద్ధతిలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన పెడల్ అది. జెర్మేనియానికి ఎండ పడదు. వేడి పెరిగేకొద్దీ అందులో అక్కర్లేని కరెంటు కారిపోతూ ఉంటుంది. ఏసీ గదిలో తేనెలా పలికేది, అక్కడ తడిసిన డప్పులా బురబురలాడింది. పక్కన చేపల పెట్టెల మీద కూర్చున్న కుర్రాడు కాసేపు చూసి, "వేడెక్కిందేమో అన్నా, ఐసు మీద పెట్టు" అన్నాడు. నవ్వుతాలకి పెట్టాను. పది నిమిషాల్లో గొంతు తిరిగొచ్చింది! ఇప్పటికీ ఆ పెడల్ కొంచెం చేపల వాసనొస్తుంది, అది వేరే విషయం.

అసలు కథ అటక మీదుంది.

పాత వాల్వు ఆంప్లిఫయర్‌ని అటక దించి సరాసరి ప్లగ్గులో పెట్టకూడదు. ఏళ్ల తరబడి వాడకపోతే లోపల కెపాసిటర్లు ఎండిపోతాయి. ఒక్కసారి కరెంటిస్తే పేలిపోవచ్చు. పైగా లోపల 400 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపేశాక కూడా కాసేపు దాక్కుని ఉంటుంది. అందుకని అవనిగడ్డ నుంచి ఒక పాత రేడియో మెకానిక్‌ని పిలిపించాడు మావయ్య. ఆయన వచ్చీ రాగానే నా వైపు చూడకుండా హోల్డర్‌కి 100 వాట్ల బల్బు పెట్టి సిరీస్‌లో కలిపాడు. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, డబ్బా బతికిపోతుంది. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నాకెవరూ చెప్పని పాఠం. కెపాసిటర్లు నాలుగు మార్చాడు. వాల్వులు తుడిచాడు. ముందు వరసలో ఉన్న చిన్న వాల్వు మీద అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి: బెల్, ఈసీసీ83.

నా గుండె ఆగినంత పనైంది. బెల్ అంటే బెంగళూరులోని మన భారత్ ఎలక్ట్రానిక్స్. 1960ల నుంచి రేడియో వాల్వులు చేసింది. ఈసీసీ83ని అమెరికాలో 12ఏఎక్స్7 అంటారు. మార్షల్, ఫెండర్ ఆంప్లిఫయర్లలో గిటార్ కరెంటుని మొదట పట్టుకునేది ఇదే. జిమీ హెండ్రిక్స్ వెనకాల పేర్చిన మార్షల్ డబ్బాల్లోనూ, కోడూరు పక్కన పెళ్లిళ్లకి మోగిన మైక్‌సెట్‌లోనూ ఒకే జాతి వాల్వు! పాత బెల్ వాల్వుల కోసం వెతికే గిటార్ వాళ్లు విదేశాల్లోనూ ఉన్నారు. నిజం చెప్పేస్తాను. నేను వచ్చింది టోన్ వినడానికి మాత్రమే కాదు. మావయ్యని ఒప్పించి ఆ వాల్వులు పట్టుకుపోదామని.

సాయంత్రం ఏడింటికి స్విచ్ వేశాం. వాల్వులు మెల్లగా నారింజ రంగులోకి తిరిగాయి. పాత మైక్‌సెట్లలో గ్రామఫోన్ కోసం ఒక ఇన్‌పుట్ ఉంటుంది. గిటార్‌ని అందులో పెట్టాను. స్పీకర్ అంటే ఇంకేముంది, ఇంటి మీది కొమ్ము బూరే. స్పీకర్ తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయర్ మోగిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని మెకానిక్ మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తలూపాను.

మొదటి కార్డ్ కొట్టాను.

అంత బాగుంటుందని అనుకోలేదు. బూరలో బేస్ లేదు, కాస్త ముక్కుతో పాడినట్టుంది. కానీ మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే గొంతు జీరపోయి, తీగ ఆగిపోతుందనుకున్న చోట ఇంకాస్త సాగి... నా డిజిటల్ బాక్స్‌లో మూడేళ్లుగా వెతుకుతున్నది ఇదే. మీటర్ పెట్టి చూస్తే ప్లగ్గులో 170 వోల్టులు. 230 ఉండాలి. చుట్టూ రొయ్యల చెరువులు. చీకటి పడే వేళకి ఏరియేటర్లన్నీ తిరుగుతుంటాయి, కరెంటు కుంగిపోతుంది. మావయ్య వీధి మొత్తం తిట్టుకునే లో వోల్టేజీ అది.

ఎడ్డీ వాన్ హేలెన్ పేరు విన్నారా? 1978లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌తో రాక్ గిటార్ మలుపు తిరిగింది. ఆ గొంతుకి "బ్రౌన్ సౌండ్" అని పేరు. అందులో ఒక రహస్యం వేరియాక్. అంటే వోల్టేజీని కావాల్సినంత తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్. అమెరికా ఇళ్లలో వచ్చే 120 చిల్లర వోల్టులని 90 దాకా దించి మార్షల్‌కి ఇచ్చేవాడు. వోల్టేజీ తగ్గితే వాల్వులు త్వరగా అలిసిపోతాయి, ధ్వని తరంగాల తలలు నున్నగా తెగుతాయి. అదే ఆ జీర. ఆయన డబ్బిచ్చి పరికరం కొనుక్కుని తగ్గించుకున్న వోల్టేజీ మాకు రొయ్యలు ఉచితంగా తగ్గించి పెట్టాయి.

నేను ఈ ఆనందంలో ఉండగా మావయ్య బయటికొచ్చి బూర వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. "అల్లుడూ, గరగరమంటోందిరా. ఇంకేదో పోయినట్టుంది. మెకానిక్ వెళ్లిపోయాడా?"

"అది పోవడం కాదు మావయ్యా, దానికోసమే వాయిస్తున్నా."

"గరగర కోసమా?" అని నన్ను ఎగాదిగా చూశాడు.

ఆలోచిస్తే ఆయన తప్పేం లేదు. డిస్టార్షన్ మొదట్లో అందరికీ లోపమే. ఆంప్లిఫయర్ తయారుచేసిన ఇంజినీర్లు దాన్ని తగ్గించడానికే నానా తంటాలూ పడ్డారు. 1958లో లింక్ రే అనే గిటారిస్టు కావాలనే స్పీకర్ కాగితానికి చిల్లులు పొడిచి మరీ ఆ జీర తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఒకరి లోపం ఇంకొకరికి సొత్తు అయిపోయింది. మావయ్య మాత్రం మొదటి పక్షం మనిషి.

"ఆ మాండొలిన్ కుర్రాడి కేసెట్ ఇందులోనే వేసేవాణ్ణి, ధనుర్మాసంలో తెల్లారగట్ల గుడికి. తీగ మీటితే నీళ్లు కారినట్టుండేది. అలా వాయించు" అన్నాడు.

ఆయన చెప్పింది ఉప్పలపు శ్రీనివాస్ గురించి. పాలకొల్లు పిల్లాడు. 1978లో తొమ్మిదేళ్ల వయసులో మొదటి కర్ణాటక కచేరీ చేసింది ఇక్కడికి దగ్గర్లోని గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. మాండొలిన్‌కి మామూలుగా జంట తీగలు నాలుగు వరసలుంటాయి. మీటిన స్వరం టక్కున ఆరిపోతుంది, జంట తీగల్ని పక్కకి లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. పికప్, ఆంప్లిఫయర్ తోడైతే ఆరిపోబోయే స్వరం కూడా వినపడుతూనే ఉంటుంది. ఆ సాగే తోక మీదే గమకం నడిపించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటారిస్టు పక్కన రిమెంబర్ శక్తిలో వాయించాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. హెండ్రిక్స్ కరెంటుతో గొంతు చించుకున్నాడు, శ్రీనివాస్ అదే కరెంటుతో గొంతు సాగదీశాడు. టోన్ గురించి నేను చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ ఈయన పేరు వినలేదు.

నాకు గమకాలు రావు. జీర తగ్గించి ఏదో నాలుగు స్వరాలు మెల్లగా వాయించాను. మావయ్య మర్యాదకి తలూపాడు.

అన్నం తిన్నాక వాల్వుల సంగతి ఎత్తాను. "ఇది ఎలాగూ వాడట్లేదు కదా మావయ్యా..." ఆయన వెంటనే ఏం అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

1977 నవంబర్ 19 గురించి మా ఇంట్లో ఎక్కువ మాట్లాడరు. ఉప్పెనలో తాతయ్య పోయాడని తెలుసు. దివిసీమలో వేలమంది పోయారని తెలుసు. తాతయ్యకి మైక్‌సెట్ ఉండేదని, అదీ ఆయనతోపాటే పోయిందని మాత్రం నాకు తెలీదు. అమ్మకప్పుడు ఆరేళ్లు, మావయ్యకి ఇరవై.

"తుఫానని రేడియోలో చెప్పార్రా. రేడియో ఎన్ని ఇళ్లల్లో ఉంది? మన మైకు ఇంట్లోనే ఉంది. ఊళ్లో తిరిగి చెప్పాలని ఎవరికీ తట్టలేదు, నాన్నకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎప్పుడూ వచ్చే గాలే అనుకున్నాం." కాసేపు ఆగాడు. "ఆ మరుసటేడు అప్పు చేసి బెజవాడలో ఇది కొన్నా. అప్పటికే పాతది. పెళ్లిళ్లకి తిప్పాననుకో. కానీ గాలి ముదిరినప్పుడల్లా బ్యాటరీ కట్టి, బూర రిక్షాకి కట్టి, తిప్ప దాకా వెళ్లేవాణ్ణి. గరగరమంటే ఎవరికి అర్థమవుద్ది? మాట తేటగా వినపడాలి. దీన్ని అందుకే అంత బాగా చూసుకున్నా."

ఇప్పుడు అందరి ఫోన్లకీ మెసేజ్ వస్తుంది కదా అనబోయి ఊరుకున్నాను.

తొమ్మిదిన్నర ప్రాంతంలో వోల్టేజీ తిరిగొచ్చింది. ఫ్యాను ఒక్కసారి వేగం అందుకుంది. నేను పరిగెత్తి గిటార్ తగిలించి చూశాను. జీర మాయం. అదే డబ్బా, అవే వాల్వులు, గొంతు మాత్రం నిటారుగా, గట్టిగా, శుభ్రంగా నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మావయ్య మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశావా, కరెంటు లేక అలా అంది. దాని తప్పేం లేదు" అన్నాడు.

పొద్దున్నే బయల్దేరుతుంటే, క్యాలెండర్ కాగితం వెనక మెకానిక్ రాసిచ్చిన కెపాసిటర్ల నంబర్లు నా చేతిలో పెట్టాడు, హైదరాబాద్ నుంచి రెండు సెట్లు పంపమని. ఒకటి విడిగా ఉంచుకోవడానికట. నేను తలూపి జేబులో పెట్టుకున్నాను.

చెరువు గట్టు దాకా నడిచేసరికి వెనక బూర మోగింది. హలో, హలో, మైక్ టెస్టింగ్ అంటూ మావయ్య గొంతు. ఆగి విన్నాను. వెంటనే ఫోనొచ్చింది.

"అక్కడికి వినపడుతోందా అల్లుడూ? గరగర లేదు కదా?"

"లేదు మావయ్యా. తేటగా ఉంది."