సముద్రం లేని ఊరి పడవలు

నిన్న సాయంత్రం సుల్తాన్ బజార్‌లో ఫుల్‌హ్యాండ్స్ టీషర్టుల దగ్గర ఒకావిడ బేరమాడుతోంది.
"జర తగ్గించరాదన్నా, రెండు తీస్కుంటున్న కద!"
పక్కన కూతురు. పన్నెండేళ్లుంటాయేమో.
"స్కూలుకా అక్కా?" అన్నాడు షాపతను.
"కాదన్నా. ట్యాంక్‌బండ్ కాడ పడవ నడుపుతది. ఎండ బాగ కొడ్తది."

ఆ గొంతులో ఎంత గర్వమో!

అలలు కావాలంటే మనం సముద్రతీరం దాకా పోవాలి. కానీ గాలి మన ఊళ్లోనే ఉంది, 1562 నాటి హుస్సేన్‌సాగర్ కూడా ఉంది. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, పడవ కొనే స్తోమత లేని ఇళ్ల పిల్లలకూ అక్కడ సెయిలింగ్ నేర్పింది. అలా నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పోటీపడింది.

చిన్నపిల్లలు మొదలుపెట్టేది ఆప్టిమిస్ట్ పడవతో. పొడవు రెండున్నర మీటర్ల లోపే. లోపల ఒక్కరే. తెరచాప ఒక చేత్తో, చుక్కాని ఇంకో చేత్తో. గాలి మళ్లితే ఏం చేయాలో అమ్మ చెప్పదు, సార్ చెప్పడు, ఆ పిల్లే తేల్చుకోవాలి. ఒడ్డుకొచ్చాక మాత్రం పడవ మోయడానికి ఇంకొకరు రావాల్సిందే. నాకు క్లబ్ అంటే అదే అనిపిస్తుంది. మెంబర్‌షిప్ కార్డు తర్వాత సంగతి.

ఆ పాపను పలకరించాల్సింది, ఈలోపు జనంలో కలిసిపోయారు.

మీ ఇళ్లలో, మీ బస్తీల్లో సాగర్‌లో పడవ నడిపే పిల్లలున్నారా? వాళ్ల గురించి రాయండి, చదవాలనుంది.