కణం పుట్టిల్లు

గ్రాసింగ్ టేబుల్ మీదికి రొమ్ము క్యాన్సర్ స్పెసిమెన్ వస్తే చంక కొవ్వు మీద కత్తి పెట్టే తొందర వద్దు. ముందు ఆ కొవ్వును వేళ్ల మధ్య నలపండి. కొవ్వు జారిపోతుంది, లింఫ్ నోడ్ గట్టిగా తగులుతుంది. మూడు మిల్లీమీటర్లున్నా వదలకూడదు. పెద్దపేగు ముక్కయితే కనీసం 12 నోడ్లు తీయాలి, లేకపోతే రోగం ఏ దశలో ఉందో నమ్మకంగా చెప్పలేం. ఈ వేళ్ల పని మా ప్రొఫెసర్ మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. పలచటి సెక్షన్‌ను మడత పడకుండా గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చడం మా సీనియర్ టెక్నీషియన్ గారు నేర్పారు.

స్లైడ్‌లో మొదట నోడ్ అంచు చూడండి. పై పొర కింది సన్నటి సందులోకే క్యాన్సర్ కణాలు సాధారణంగా ముందు చేరతాయి. కనిపిస్తే రిపోర్టులో రాసే మాట మెటాస్టాసిస్. మా నోట్లో ‘మెట్స్’. గ్రీకులో చోటు మారడమని అర్థం. పూర్వం ఏ జబ్బు ఒంట్లో ఒకచోట తగ్గి మరోచోట తేలినా వైద్యులు ఈ మాటే అనేవాళ్లు. 1829లో ఫ్రెంచి వైద్యుడు రెకామియే దాన్ని క్యాన్సర్ పాకడానికి వాడాడు. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది శవపరీక్ష రికార్డులు తిరగేశాడు. కణం విత్తనం, అవయవం నేల, అన్ని నేలల్లోనూ అది మొలవదన్నాడు. కేవలం ఓపికగా రికార్డులు చదివి తేల్చిన సంగతది. ఈ వృత్తిలో నాకు అందుకే ఆయనంటే అంత గౌరవం.

మేడమ్ ప్రతి స్లైడ్‌కూ ఒకటే అడిగేవారు: “దీని పుట్టిల్లు ఎక్కడమ్మా?”

ఒకసారి తుంటి ఎముక విరిగిన ఒకావిడ బయాప్సీ వచ్చింది. ఫారం మీద ‘ఎముక ట్యూమర్’ అని ఉంది. యాసిడ్‌లో నానబెట్టి మెత్తబడ్డాక కోయించి చూస్తే గుండ్రటి తిత్తులు, వాటి నిండా గులాబీరంగు కొల్లాయిడ్. థైరాయిడ్! వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి మెడ చూడమన్నాను. ఆవిడ ఏనాడూ పట్టించుకోని చిన్న గడ్డ అక్కడుంది. మేడమ్ స్లైడ్ చూసి, మారు మాట్లాడకుండా సంతకం చేశారు. ఆ రోజు నేను పాథాలజిస్టునయ్యాననిపించింది. ఎముకలో స్థిరపడ్డా థైరాయిడ్ కణం చాలాసార్లు అయోడిన్‌ను పీల్చుకుంటుంది. అందుకే థైరాయిడ్ తీసేశాక రేడియో అయోడిన్ ఇచ్చే దారి ఉంటుంది. ఎముక క్యాన్సర్ అని రాసుంటే ఆ దారి మూసుకుపోయేది.

రొమ్ములో పుట్టింది ఎముకకు పాకినా రొమ్ము క్యాన్సరే, వైద్యమూ దానిదే. కాబట్టి ‘మెటాస్టాసిస్’ అని రాసి ఆగిపోకండి. పుట్టిన చోటు తేలకపోతే ఇమ్యునో మార్కర్లు వేయించండి. అప్పటికీ అనుమానముంటే ఫోన్ తీసి సర్జన్‌తో మాట్లాడండి.