పట్నపు రైలు, మన రైలు

రైలుదారిని నేలమీద వేయవలెనా, స్తంభములమీద నెత్తవలెనా, భూమిలోపల త్రవ్వవలెనా యను విచారము ఇంజనీర్లది గాని మనది కాదని తోచవచ్చును. జగిత్యాలనుండి హైదరాబాదువఱకు పోయివచ్చిన పిమ్మట అది మనదియు ననియే మాకు తోచినది.

పెద్దపల్లినుండి కరీంనగరు, జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదునకు పోవు దారి 2017లో పూర్తియైనది. పంటచేల నడుమ కట్టపోసి వేసిన దారి యిది. భూమి చవుకగా దొరకుచోట నేలమీది దారియే మేలు. కాని చవుక భూమి ఊరికి వెలుపలనే యుండును గదా! జగిత్యాల స్టేషను లింగంపేటలో నున్నది. చంటిబిడ్డతో, మూటతో దిగిన యిల్లాలికి ఆటో కిరాయి రైలు టికెట్టును మించుటయు గలదు.

అందుచేత మన స్త్రీలు పట్నమునకు పోవుట తఱచు బస్సుమీదనే. 2023 డిసెంబరు 9 మొదలు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు టికెట్టు లేకపోవుటచే ఈ యలవాటు మఱింత బలపడినది. మన బస్సులు సికిందరాబాదున జూబిలీ బస్‌స్టేషను చేరును. అచ్చటనే మెట్రో. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన ఈ దారి పదునొకండు కిలోమీటర్లు సాగి మహాత్మాగాంధీ బస్‌స్టేషనువద్ద ముగియును. నడుమ గాంధీ ఆసుపత్రి స్టేషను కలదు. రోగిని వెంటబెట్టుకొని పోవువారికి ఈ యొక్కటి చాలును, దారి గీసినవారికి నమస్కరించుటకు.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనది. సుమారు 69 కిలోమీటర్లును స్తంభములమీదనే. నడివీధిని ఒక్క వరుస స్తంభములు నిలిపి, వేఱొకచోట పోతపోసిన కాంక్రీటు ఖండములను తెచ్చి, యంత్రముతో నెత్తి, ఉక్కుతీగలతో బిగించి వంతెనగా గూర్చిరి. స్టేషనులుకూడ ఆ స్తంభములనుండియే చేతులు చాచినట్లు నిలిచినవి. సొరంగమైనచో వ్యయము రెండింతలు, మూడింతలగును. కలకత్తాలో 1984లో తెఱచిన మెట్రోకై వీధులను పైనుండి త్రవ్విరి. జనులు ఏండ్లతరబడి గోతులప్రక్క బ్రతికిరి. ఇప్పుడు లోలోపలనే తొలుచుకొనిపోవు యంత్రములున్నవి.

స్తంభముల దారికి మెట్లెక్కుట తప్పదు. లిఫ్టులున్నవి, కదలుమెట్లున్నవి, ఆ కదలుమెట్లపై కాలుమోప జంకిన ముసలమ్మ నొకామెను మేము చేయిపట్టి యెక్కించితిమి. స్టేషను క్రింది దుకాణములలో పట్టపగలే దీపము వెలుగుచుండెను.

చిక్కంతయు పాతబస్తీది. మహాత్మాగాంధీ బస్‌స్టేషనునుండి ఫలక్‌నుమా వఱకు దారి మొదటి యేర్పాటులోనే యున్నను, అప్పుడు కట్టబడలేదు. 2024 మార్చి 8న దానికి శంకుస్థాపనమైనది. పిమ్మట చాంద్రాయణగుట్టవఱకు పొడిగింప నిశ్చయించిరి. ఇదియు స్తంభముల దారియే గనుక ఇఱుకువీధిని వెడల్పు చేయవలెను. వెడల్పు చేయుటకు ఇండ్లు, దుకాణములు పడవలెను. ఢిల్లీలో చాందినీచౌకు క్రింద సొరంగమున రైలు నడిపిరి. పైనున్న సందులు సందులుగనే నిలిచినవి. పడిన యింటికి పరిహారమిత్తురు, నిజమే. కాని సొరంగము ప్రియమని లెక్క వ్రాయువారు, అత్తగారు ముగ్గులు వేసిన వాకిలిని ఏ పద్దున జమకట్టిరి? విశాలవీధులలో స్తంభములు, ఇండ్లు కూల్చవలసినచోట సొరంగము తగునని మా యభిప్రాయము. మావారు దీని కొప్పుకొనరు. ఆ ధనముతో ఇంకొక పేటకు దారి వేయవచ్చునందురు. అదియు త్రోసిపుచ్చదగిన మాట కాదు.

సిరిసిల్లకు రానున్నది మరల నేలమీది రైలే. మనోహరాబాదునుండి కొత్తపల్లికి సుమారు 150 కిలోమీటర్ల ఈ దారికి 2016 ఆగస్టు 7న శంకుస్థాపనము జరిగినది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటవఱకు రైలు నడిచినది. మేము సిరిసిల్లకు పోయినపుడు ఆవలి పని సాగుచుండెను. గీత గీయుట ముగిసినది గనుక ఇక దారిని మార్చుమనుట వ్యర్థము. ఊరినుండి స్టేషనుకు మంచి బాట, దీపములు, ప్రతి బండివేళకు బస్సు – వీనిని అడుగుటకు మాత్రము ఇదియే తరుణము. మరమగ్గముల వాడలో బీడీలు చుట్టుచున్న యొకామె మమ్ము మొదట అడిగినదియు నదియే: “రైలొస్తే మంచిదేగని అమ్మా, టేషను కాడికి బస్సు పోతదా?”